గోల ఉన్న గది కావాలి

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. అన్నవాళ్ళెవరో గానీ, వాళ్ళకు మన వార్డెనమ్మ సంగతి తెలియదు. మెత్తటి పరుపు మీద పడుకోబెట్టండి, నేల మీద చాప పరిచి పడుకోబెట్టండి, ఆవిడ కళ్ళు మాత్రం పైన తిరిగే ఫ్యాను మీదే ఉంటాయి. రిటైరైన నాటి నుంచీ ఇదే వరస.

ఉద్యోగమంతా ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. వరండా చివర ఆవిడ గది. తలుపు ఎప్పుడూ బెత్తెడు తెరిచే ఉండేది. దీపాలు ఆర్పించి, “ఇక నోళ్ళు మూసుకోండే!” అని ఒక్క కేక వేసి వచ్చి పడుకునేది. నోళ్ళు ఎవరు మూస్తారు? గదుల నిండా గుసగుసలు, కిసుక్కుమనే నవ్వులు, మంచాల కిర్రుకిర్రు. ఆ గోలలోనే ఆవిడ హాయిగా గురక పెట్టేది. గుసగుసలు వినబడుతున్నాయంటే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఉన్నట్టే కదా! ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైతే మాత్రం దిగ్గున లేచి, దిండు కింద టార్చి అందుకునేది. ఆడపిల్లల హాస్టల్లో నిశ్శబ్దం అంటే ఎవత్తో గోడ దూకిందనే అర్థం. ఆ లెక్క తప్పిన రోజులు తక్కువ.

ఇప్పుడు ఆవిడ ఉంటున్నది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పైన ఎవరూ లేరు. పక్కింటివాళ్ళు నోట్లో నాలుక లేని మనుషులు. పడుకుంటే నిశ్శబ్దం, నిశ్శబ్దమైతే మెలకువ. ‘ఇక్కడ గోడా లేదు, దూకేవాళ్ళూ లేరు, పడుకోవే’ అని తనకు తాను ఎంత చెప్పుకున్నా చెవులు వింటేగా! రేడియో పెట్టుకుని చూసింది. రేడియోలోవాళ్ళు మనకు వినిపించడానికి మాట్లాడతారు. మనకు వినబడకూడదని మాట్లాడుకునే మాటల్లో ఉండే హాయి అందులో ఎక్కడిది? డాక్టరు మాత్రలిచ్చాడు. నోరు ఎండింది గానీ నిద్ర రాలేదు. “బీపీ ఇలాగే ఎక్కుతూ పోతే కష్టమమ్మా, ఎలాగైనా నిద్రపోవాలి మీరు,” అని మొన్న గట్టిగానే చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడకు నిజంగా భయం పట్టుకుంది. పోనీ ఎవరికైనా చెప్పుకుందామంటే సిగ్గు. జీవితమంతా మాట్లాడొద్దని అరిచిన మనిషి, మాటలు వినబడకపోతే నిద్ర రాదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మేనకోడలు దిగింది. తమ్ముడి కూతురు. వీపు మీద పెద్ద సంచి లేకుండా ఆ పిల్లను చూసినవాళ్ళు లేరు కాబట్టి ఇంట్లో అందరూ సంచిపిల్ల అంటారు. చేతిలో నాలుగు డబ్బులు పడితే చాలు, ఏదో ఒక ఊరు చూడడానికి బయలుదేరుతుంది. ఆ రోజు కూడా సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్లో తల దూర్చి కూర్చుంది.

“ఏం చూస్తున్నావే అంతలా?”

“హాస్టల్ అత్తా. వచ్చేవారం సముద్రం చూడడానికి వెళ్తున్నా. మంచం బుక్ చేసుకోవాలి.”

“హాస్టలా? నీ చదువైపోయిందిగా!”

“చదివేవాళ్ళది కాదత్తా, తిరిగేవాళ్ళది. గది మొత్తం తీసుకుంటే తడిసి మోపెడవుతుంది. ఇక్కడైతే ఒక్క మంచానికి కడితే చాలు. మిగతా మంచాల్లో ఎవరెవరో ఉంటారు.”

“ఎవరెవరో అంటే?”

“ఎవరెవరో అంటే ఎవరెవరో. ఏ ఊరివాళ్ళో, ఏ దేశంవాళ్ళో!”

వార్డెనమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. “వార్డెన్ ఎవరు?”

“వార్డెన్ ఉండరు.”

“మరి హాజరు?”

“హాజరేంటత్తా, చోద్యం కాకపోతే!”

“గేటు ఎన్నింటికి వేస్తారు?”

“వెయ్యరు. తలుపుకి నంబర్లుంటాయి. నొక్కితే తెరుచుకుంటుంది. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వస్తారు.”

ఆవిడ ముక్కున వేలేసుకుంది. హాజరు లేదు, గేటు లేదు, వార్డెన్ లేదు. అయినా పొద్దున ఎవరి మంచం మీద వాళ్ళు లేస్తారట! అది ఎలా నడుస్తుందో చూడాలని ప్రాణం లాగేసింది. అంతకన్నా ఎక్కువగా లాగిన మాట ఇంకొకటి ఉంది, ‘మిగతా మంచాల్లో ఎవరెవరో ఉంటారు’ అన్నది. వెళ్ళి మేనకోడలి పక్కన చేరింది. “ఏదీ, చూపించు.”

అడిగిందే తడవుగా సంచిపిల్ల పాఠం మొదలుపెట్టింది. గదిలో ఎన్ని మంచాలుంటే అంత చవక. వారం మధ్యలో వెళ్తే ఇంకా చవక. తాళం, తువ్వాలు మనవే పట్టుకెళ్ళాలి. బస్టాండుకు దగ్గర అని రాసినవాడి మాట నమ్మితే చెప్పులు అరిగిపోతాయి, మ్యాపులో మనమే చూసుకోవాలి. “అన్నిటికన్నా ముఖ్యం, పొగిడినవాళ్ళ రివ్యూలు చదవకూడదు. తిట్టినవాళ్ళవి చదవాలి,” అంటూ వేలితో తెరను పైకి తోస్తూ పోయింది. ఒక హాస్టల్ దగ్గర మొహం చిట్లించింది. “ఇది వద్దులే.”

“ఎందుకొద్దు?”

“చూడు, ఎలా ఏడ్చారో!”

వార్డెనమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. ‘పై మంచం మనిషి పక్కకు తిరిగితే కింద మంచం ఏడుస్తుంది’ అని ఒకరు రాశారు. ‘ఎప్పుడూ ఎవరో ఒకరి కబుర్లే, కంటి మీద కునుకు లేదు’ అని ఇంకొకరు. ‘గోడలా అవి, కాగితాలా? పక్క గదిలో ఆవులిస్తే మనకు వినబడుతుంది’ అని మరొకరు. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివింది. పెళ్ళి పత్రిక చదువుతున్నట్టు మొహం వెలిగిపోయింది.

“నాకూ ఒక మంచం చెప్పు. ఇందులోనే.”

సంచిపిల్ల నోరెళ్ళబెట్టింది. “అత్తా, ఒంట్లో బాగానే ఉందా? అయినా ఇవి పాత రివ్యూలు. తేదీ చూసి చదవాలి.”

“పాతవైతే ఏం? ఫిర్యాదు ఎక్కడికి పోతుందే? మా హాస్టల్లో రెండో అంతస్తు కుళాయి కారుతోందని నేను చేరిన కొత్తలో రాసిచ్చారు. నేను దండ వేయించుకుని ఇంటికొచ్చిన రోజు కూడా కారుతూనే ఉంది.”

“కానీ ఇంత గోల...”

“గోల కాబట్టే చవక. చవకైంది వదులుకుంటామా? చెప్పు మరి, నాకు తలుపు పక్కన కింద మంచం.”

“తర్వాత నన్నంటే ఊరుకోను. డబ్బులు వెనక్కి రావు,” అని బెదిరించి, సంచిపిల్ల ఆడవాళ్ళ గదిలో రెండు మంచాలు బుక్ చేసింది. మేనత్తకు ఈ వయసులో ఊళ్ళు తిరిగే పిచ్చి పట్టిందనుకుని లోలోపల సంబరపడింది కూడా.

ఆ హాస్టల్ ఒక ఇరుకు వీధిలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఉంది. మెట్ల దగ్గర చెప్పుల అర, దాని పక్కన బల్ల, బల్ల వెనక జుట్టు పైకెత్తి ముడేసుకున్న కుర్రాడు. వార్డెనమ్మ వాడికి చూడగానే పిలకబాబు అని పేరు పెట్టేసింది. గదికి వెళ్ళకముందే ప్రశ్నలు.

“పడుకునే ముందు అందరూ వచ్చారో లేదో ఎవరు చూస్తారు బాబూ?”

“ఎవరూ చూడరాంటీ. నేనూ పడుకుంటాగా.”

“కప్పులు ఎవరు కడుగుతారు?”

“తాగినవాళ్ళు.”

“ఆ మొక్కలకు నీళ్ళు?”

“ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు పోసి వెళ్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు.”

ఆవిడ నమ్మలేదు. వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. సీసాల మీద, డబ్బాల మీద ఎవరి గుర్తు వాళ్ళు రాసుకున్నారు. ఒకరి పాలసీసా నిండుగా, మూత కూడా తియ్యకుండా ఉంది. “మా పిల్లలైతే ఈపాటికి సగం తాగేసి నీళ్ళు కలిపి పెట్టేవాళ్ళు,” అని ఆశ్చర్యంగా ఫ్రిజ్ మూసింది. వార్డెన్ లేకుండానే లోకం ఇంత చక్కగా నడుస్తోందంటే, తను ఇన్నాళ్ళూ చేసిందేమిటా అని కాస్త మనసు చివుక్కుమంది కూడా.

తర్వాత పిలకబాబు గది తలుపు తోశాడు. తలుపు చప్పుడు చెయ్యలేదు. వార్డెనమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది. మంచం కిమ్మనలేదు. లేచి మళ్ళీ గట్టిగా కూర్చుంది. ఊహూఁ. వంగి చూస్తే మంచం కోళ్ళకు రబ్బరు తొడుగులు. గోడలకు మెత్తటి పలకలు, మంచానికో మందపాటి తెర.

“ఇదివరకు భలే గోలగా ఉండేదాంటీ,” అన్నాడు పిలకబాబు పొంగిపోతూ. “రివ్యూల్లో మమ్మల్ని ఉతికి ఆరేశారు. ఓనరుకు పౌరుషమొచ్చి అన్నీ మార్పించాడు. ఇప్పుడు సూది పడినా వినబడుతుంది. ఇవి కూడా ఉంచుకోండి, ఫ్రీ.” ఆవిడ అరచేతిలో చెవులకు పెట్టుకునే దూది బిరడాలు రెండు పెట్టాడు.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. “అదృష్టమంటే నీదే అత్తా!” అని సంచిపిల్ల ఎగిరి గంతేసింది. వార్డెనమ్మ ఆ బిరడాల వంక చూస్తూ కూలబడింది.

ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పడానికేమైనా వినబడితే కదా!

పొద్దున వంటగదిలో ఆవిడ ఎర్రటి కళ్ళతో నిలబడి, తాగిన కప్పునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది. సంచిపిల్ల చూసి కంగారుపడింది. “పడుకోలేదా అత్తా?”

“కొత్త చోటు కదా.”

“ఇంత నిశ్శబ్దంగా ఉంటే కూడానా?”

అంతే, ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. “నిశ్శబ్దంగా ఉంది కాబట్టేనే! ఫిర్యాదు రాస్తే బాగుచేసే హాస్టల్ కూడా ఉంటుందని నేనేమైనా కలగన్నానా?” అని కప్పు ఠపీమని పెట్టింది. సంచిపిల్ల ఫక్కున నవ్వింది. మేనత్త కళ్ళలో నీళ్ళు చూసి ఆ నవ్వు సగంలోనే మింగేసింది. అప్పుడు ఆవిడ అంతా చెప్పేసింది. హాస్టల్లో గుసగుసలు, దిండు కింద టార్చి, మూడో అంతస్తు ఇల్లు, డాక్టరు మాట, ఒక్కటి దాచలేదు.

“పడుకోవాలంటేనే భయమేస్తోందే అమ్మడూ. ఆ ఇంట్లో ఒక్కదాన్నే కళ్ళు మూసుకుని... ఇక్కడికొస్తే నిద్ర పడుతుందేమోనని ఆశపడ్డాను. ఇదీ పోయింది.”

“ముందే చెప్పొచ్చుగా అత్తా!”

“చెబితే మీ నాన్న పడీ పడీ నవ్వుతాడు.”

“నవ్వితే నేను చూసుకుంటా,” అని సంచిపిల్ల ఆవిడను గట్టిగా పట్టుకుంది. తర్వాత చెయ్యి పట్టి పిలకబాబు దగ్గరికి లాక్కెళ్ళింది.

“మీ దగ్గర గోలగా ఉండే గది ఏదైనా ఉందా?”

పిలకబాబు మొహం పాలిపోయింది. “లేదండీ, ఒట్టు! ఎవరు చెప్పారు మీకు?”

“అయ్యో, ఉంటే ఇవ్వండి మహాప్రభో! మాకు కావలసింది అదే.”

వాడు పిలక గోక్కున్నాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “వెనక పెద్ద గది ఒకటుంది. దానికి ఇంకా పలకలు కొట్టించలేదు, పాత మంచాలే. మధ్యాహ్నం అందులో అమ్మాయిల వాలీబాల్ జట్టు దిగుతోంది. ఒక్క మంచం మిగిలింది గానీ, అది ఎవరికిచ్చినా మళ్ళీ రివ్యూల్లో మా పరువు తీస్తారని ఖాళీగా ఉంచుతున్నాం.”

“మేం తియ్యం. మెచ్చుకుంటూ రాస్తాం.”

మధ్యాహ్నం జట్టు దిగింది. దిగిందంటే మామూలుగా కాదు, తలుపు గోడకు కొట్టుకుంది, సంచులు దబదబ పడ్డాయి. కింద మంచం నాదంటే నాదని ఇద్దరు కొట్లాట. నా షాంపూ ఎవత్తి తీసిందని ఒకతె. నిన్నటి ఆట నీవల్లే పోయిందని ఇంకొకతె. తలుపు పక్క మంచం మీద కూర్చున్న పెద్దావిడను చూసి అందరూ “నమస్తే ఆంటీ!” అని, మళ్ళీ ఎవరి గోల వాళ్ళు అందుకున్నారు. మంచాలు కిర్రుమన్నాయి.

“ఐదు నిమిషాలు నడుం వాలుస్తానే,” అంది వార్డెనమ్మ.

సంచిపిల్ల సీసాలో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. అమ్మాయిలందరూ ఎక్కడివాళ్ళక్కడ శిలల్లా నిలబడ్డారు. జట్టు కెప్టెను పెదాల మీద వేలు పెట్టుకుని ఉంది. “ష్! ఆంటీ నిద్రపోతున్నారక్కా. పాపం, బాగా అలిసిపోయినట్టున్నారు.”

ఎంత మంచి పిల్లలు! అదే కొంప ముంచేలా ఉంది. మంచం మీద వార్డెనమ్మ కనురెప్పలు అదురుతున్నాయి. చెయ్యి దిండు కిందకు పాకి టార్చి కోసం వెతుకుతోంది. సంచిపిల్ల సీసా కింద పెట్టేసింది.

“మాట్లాడండి!” అంది రెండు చేతులూ ఊపుతూ.

“ఏంటక్కా?”

“మీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడండి. నవ్వండి. ఆ మంచం ఎక్కి దిగండి. నోరు మూశారో, మీ సంగతి చెబుతా!”

అమ్మాయిలు మొహమొహాలు చూసుకున్నారు. పై మంచం మీద ఒకతె ఆపుకోలేక కిసుక్కుమంది. ఆ నవ్వు ఇంకొకతెకు అంటుకుంది. గుసగుసలు మొదలయ్యాయి. మంచం కిర్రుమంది. దిండు కింద వెతుకుతున్న చెయ్యి ఆగి, మెల్లగా పరుపు మీదకు జారింది.

“నోళ్ళు మూసుకోండే...” అంది వార్డెనమ్మ నిద్రలోనే.

గది మళ్ళీ గడ్డకట్టింది. “ఆవిడ మూసుకోమంటున్నారుగా!” అని కెప్టెను బిక్కమొహం వేసింది.

“ఆవిడ అలాగే అంటుంది. మీరు మూసుకోకండి.”

మళ్ళీ గుసగుసలు. షాంపూ గొడవ దొంగచాటుగా తిరిగి మొదలైంది. కాసేపటికి ఆ గోల మధ్యలోంచి సన్నగా గురక వినబడింది. అమ్మాయిలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. సంచిపిల్లకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

సముద్రం చూడడానికి వచ్చిన పిల్ల ఆ సాయంత్రం సముద్రం వైపే వెళ్ళలేదు. తలుపు బెత్తెడు తెరిచి పెట్టి, గడప దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరి గొంతు తగ్గినా కళ్ళెర్రజేస్తూ, మేనత్త నిద్రలేచేదాకా అక్కడే కూర్చుంది.