పదివేలిచ్చిన వాళ్లకి నా చేతి పులుసు

"అత్తయ్యా, మీరు ఎనభై ఆరుగురికి చేపల పులుసు వండిపెట్టాలంటండీ" అంది మా కోడలు షారోన్, ఫోనులోంచి తల ఎత్తకుండా. నేనప్పుడు పెరట్లో గరుకు రాయి మీద కొర్రమీనుకి బూడిద పట్టించి రుద్దుతున్నాను. చర్చిలో ఏదో కూడిక ఉండి ఉంటుంది, నాకు చెప్పడం మరిచిపోయారు కాబోలు అనుకున్నాను. ముందు మాట ఇచ్చేసి, తరవాత నాచేత వండించడం మా ఇంట్లో కొత్త కాదు. "కూడిక కాదండీ, సోది సూరమ్మ" అంది షారోన్. నా చెయ్యి రాయి మీదే ఆగిపోయింది.

ఏలూరులో నలభై దాటిన వాళ్లకి సోది సూరమ్మ గురించి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పాతికేళ్ల కిందట మా ఊరి కేబుల్ టీవీలో ఆదివారం సాయంత్రం వచ్చే అరగంట హాస్యం అది. రాసింది మా ఆయన, ఎలీయాజరు మాస్టారు. క్రిస్మస్‌కి చర్చి పిల్లలచేత నాటికలు వేయిస్తుంటే చూసి కేబుల్ వాళ్లు పట్టుకుపోయారు. తెలివైన మాస్టారు, నోరు మూయని తెలివితక్కువ పెళ్లాం, అంతే కథ. ఆ పెళ్లాం సూరమ్మ. ఆ వేషం రామకోటి వేసేవాడు, ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. నా చీరే కట్టేవాడు, నా జాకెట్టే పక్కల కుట్లు విప్పుకుని తొడుక్కునేవాడు, నాలాగే ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. మా ముందుగదిలోనే షూటింగు. ప్రతి శనివారం ఎనిమిది మందికి వంట, నాలుగేళ్లు. చివర్లో పేర్లు వేసేటప్పుడు కుర్చీలు సర్దినవాడి పేరు కూడా వేసేవారు. నా పేరు ఉంటుందేమోనని మొదటి నాలుగైదు వారాలు నేనూ కూడబలుక్కుని చదివాను. చదివింది అయిదో తరగతే అయినా నా పేరు నేను గుర్తుపట్టగలను.

ఆ పాత క్యాసెట్లన్నీ భీమడోలు నెల్సన్ యూట్యూబులో పెట్టాడు. మాస్టారి దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు నలభై ఏళ్లు. అవి చూసి ఈ కాలం పిల్లలకి కూడా సూరమ్మ పిచ్చి పట్టుకుందట. మళ్లీ కొత్తగా పన్నెండు భాగాలు తీయడానికి జనం దగ్గరే చందాలు పోగేస్తున్నారు, దాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారని షారోన్ చెప్పింది. ఊరికే ఇవ్వరు కదా, ఎంతిస్తే ఏం దొరుకుతుందో ఒక పట్టిక వేశారు. అయిదు వందలిస్తే తెర మీద పేరు. రెండు వేలిస్తే చొక్కా. పదివేలిస్తే "మాస్టారి ఇంట్లో, అసలు సూరమ్మ స్వహస్తాలతో వండి వడ్డించే కొల్లేరు చేపల పులుసు భోజనం". ఎనభై ఆరుగురు కట్టేశారు.

చేతులైనా కడుక్కోకుండా వరండాలోకి వెళ్లాను. ఆయన పేపరు చదువుతున్నారు.

"నన్ను అడగకుండా రాశారేంటండీ?"

"నెల్సన్ అడిగాడు, సరే అన్నాను. నువ్వెలాగూ రోజూ వండుతున్నావుగా. నెలకి ఓ పాతిక మంది, అదో పనా?"

"నాకు అరవై ఎనిమిదండీ."

"నాకు డెబ్భై నాలుగు. నేను రాయట్లేదూ?"

ఇంత చెప్పి పేజీ తిప్పారు. రాయడమంటే ఆయనకి ఎప్పుడూ ఒకటే పద్ధతి. మంచం మీద కూర్చుని, వంటింట్లో నేను మాట్లాడేది వింటూ నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం. నా మేనత్త మీద నేను పడ్డ బెంగ, బియ్యంలో రాళ్ల మీద విసుగు, జీతం రోజున ఆయన్ని అడిగిన ప్రశ్నలు, అన్నీ ఆదివారం నాటికి సూరమ్మ సోదిగా తేలేవి.

చొక్కా మీద ఏముందో కూడా షారోన్ చూపించింది. పెద్ద అక్షరాలతో "నాకూ ఆకలేస్తుందండీ" అని. అది రామకోటి అన్న మాట అని లోకం అనుకుంటోంది. గర్భసంచి తీయించుకుని వచ్చిన తొమ్మిదో రోజు నేనన్న మాట అది. శనివారం. డాక్టరమ్మ మూడు నెలలు బరువెత్తొద్దంది. "డాక్టర్లు అలాగే అంటార్లే, వాళ్లు వచ్చేశారు, లే" అన్నారు ఈయన. అన్నం గిన్నె రెండు చేతులా ఎత్తలేక నేల మీద జరుపుకుంటూ వండాను. ఎనిమిది మందీ తిని లేచేసరికి గిన్నెలో గీకడానికి కూడా ఏమీ మిగల్లేదు. గుమ్మం పట్టుకుని, "ఏవండీ, నాకూ ఆకలేస్తుందండీ" అన్నాను. రామకోటి నా గొంతు పెట్టి అదే మాట అన్నాడు. ఇల్లంతా నవ్వులు. ఈయన నోటుపుస్తకం కోసం చెయ్యి చాపారు.

అక్కణ్ణుంచి ఆ మాట నా వెంట పడింది. బస్సులో కండక్టరు అన్నాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పేరు కూడా తెలియని మనిషి అన్నాడు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నా వెనకాల నిలబడ్డ ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరినీ గట్టిగా ఏమీ అనలేను, అంటే "అదిగో సూరమ్మ" అంటారు.

మర్నాడు నెల్సన్ కెమెరా పట్టుకుని వచ్చాడు. డబ్బులిచ్చిన వాళ్లకి థాంక్స్ చెప్పే వీడియో అట. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే కుర్చీలో కూర్చున్నారు.

"అమ్మగారండీ, మీరేం శ్రమ పడక్కర్లేదండీ. ఆ ఒక్క ముక్కా మీ నోటి వెంట వస్తే చాలండీ. జనం నవ్వలేక చచ్చిపోతారండీ."

"అనవే" అన్నారు ఈయన. "ఏనాడైనా నీ నోరు ఖాళీగా ఉందా? ఇవాళ సిగ్గొచ్చిందా?"

నెల్సన్ మర్యాదగా నవ్వాడు. షారోన్ గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. నేను కెమెరా వైపు తిరిగాను.

"డబ్బులిచ్చిన బాబులకీ అమ్మలకీ చెబుతున్నానండీ. నా పేరు సూరమ్మ కాదు, రత్నమాణిక్యం" అన్నాను. నెల్సన్ భుజాలు కదిలేలా నవ్వుకుంటున్నాడు, ఇదీ సూరమ్మ సోదే అనుకున్నాడు. ఆపరేషను సంగతి చెప్పాను, నవ్వు తగ్గింది. గిన్నె సంగతి చెప్పాను.

"ఆ తరవాత రెండేళ్లకి మండవల్లిలో మా అమ్మ పోయిందండీ. రెండ్రోజులు నేను మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. సమాధి చేసి వచ్చాక బంతిలో కూర్చోబెట్టారు. విస్తరి వేస్తూ మా మరిది, సూరమ్మగారికి ఆకలేస్తుందండీ అన్నాడు. ఏడుస్తున్న వాళ్లు కూడా నవ్వారండీ. మా అమ్మకి ఏడుస్తున్న వాళ్లు. ఈయనా నవ్వారు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆకలని నేను ఎవరితోనూ అనలేదండీ. పులుసు వండుతానని కూడా నేను ఎవరితోనూ అనలేదు. వండను. మీ పదివేలు మీరు వెనక్కి అడిగి తీసుకోండి."

నెల్సన్ కెమెరా కట్టేశాడు. "ఇది పెట్టడం కుదరదులెండి మాస్టారండీ. ఇంకోసారి తీసుకుందాం" అన్నాడు, నావైపు చూడకుండా.

"ఆవిడకి మతి పోయింది. నువ్వేం అనుకోకు" అన్నారు ఈయన.

అప్పుడు షారోన్ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఎప్పుడూ మావయ్యగారి ముందు గొంతు పెంచని పిల్ల.

"మొత్తం నా ఫోనులోనూ ఎక్కిందండీ అత్తయ్యా. వాళ్ల చందాల పేజీలోనే కింద పెట్టొచ్చు, డబ్బులు కట్టినవాళ్లందరికీ వెళ్తుంది. పెట్టమంటారా?"

"అమ్మాయ్, ఇంటి పరువు" అన్నారు ఈయన, లేచి నిలబడి.

షారోన్ ఆయన్ని చూడలేదు, నన్నే చూస్తోంది. "దీనికి కూడా నవ్వుతారేమో అత్తయ్యా" అంది మెల్లగా.

నవ్వుతారు. అది నాకు తెలుసు. ఈ జనాన్ని పాతికేళ్లుగా చూస్తున్నాను. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఈయన ముఖం వైపు ఒకసారి చూడకుండా నేను ఎవరికీ ఏ జవాబూ చెప్పలేదు. ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

"పెట్టమ్మా" అన్నాను. "నవ్వదలుచుకున్న వాళ్లు ఈసారి నా ముఖం చూసి నవ్వాలి."