ఎనిమిది గంటల మాత్ర

నేను ఆ అబద్ధం రాసింది సెప్టెంబరులో. అది ఎవరి కొంప ముంచిందో తెలిసింది మార్చిలో. మధ్యలో ఆరు నెలలు నిశ్చింతగా నిద్రపోయాను. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

నా పేరు లోర్నా. దేశానికి ఉత్తరపు కొసన నార్తంబర్లాండ్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల మా ఇల్లు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని రిటైరయ్యాను. ఇంట్లో నేనూ, ఫెర్గస్. ఫెర్గస్ పదకొండేళ్ళ కుక్క. గొర్రెలు కాసే జాతే గానీ జన్మలో ఒక్క గొర్రెను కాసిన పాపాన పోలేదు. వాడికి మూర్ఛ. పొద్దున ఎనిమిదింటికి ఒక మాత్ర, సాయంత్రం ఎనిమిదింటికి ఒక మాత్ర పడాలి. కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, పూటలు తప్పితే మాత్రం పడిపోతాడు. కాళ్ళు కొట్టుకుంటాడు, నోట నురగ వస్తుంది. చూస్తూ కూర్చోవడం తప్ప మనం చేయగలిగిందేమీ ఉండదు. ఇల్లు మారినా అలాగే పడిపోతాడు. అందుకే కుక్కల్ని ఉంచుకునే చోట్ల వాడిని చేర్చుకోరు.

మా అక్క బెరిల్ ఉండేది పెన్జాన్స్‌లో, దేశానికి ఆ కొసన. మూడు రైళ్ళు మారి రోజంతా ప్రయాణం చేయాలి. పోయినేడు ఆమెకు కేన్సర్ అని తేలింది. నాకు ఆమె, ఆమెకు నేను తప్ప ఇంకెవరూ లేరు. ఆపరేషన్‌కు నేను వెళ్ళక తప్పదు, ఫెర్గస్‌ను వదలక తప్పదు. అలా ఆ వెబ్‌సైట్‌లో చేరాను.

పద్ధతి సులువే. ఏడాదికి ఇంత అని సభ్యత్వం కడతాం. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోరు. మనం ఊరెళ్ళినప్పుడు ఎవరో వచ్చి మన ఇంట్లో ఉంటారు, మన మంచం మీద పడుకుంటారు, అందుకు బదులుగా మన కుక్కనో పిల్లినో చూసుకుంటారు. తిరిగొచ్చాక వాళ్ళ గురించి మనం, మన గురించి వాళ్ళు రివ్యూ రాయాలి. పద్నాలుగు రోజుల గడువు. ఇద్దరూ రాసేదాకా ఒకరు రాసింది ఒకరికి కనపడదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతికి ఇంటి తాళం ఇవ్వడానికి ఆ రివ్యూలే ఆధారం. ఒక్క స్టారు తగ్గినా అందరూ అనుమానంగా చూస్తారు.

నైజెల్, ఫెలిసిటీ అనే దంపతులు వచ్చారు. అరవై దాటిన వాళ్ళు, మంచి మాటకారులు. నేను పదకొండు పేజీలు చేత్తో రాసి వాళ్ళకు అప్పగించాను. బాయిలర్ ఎలా వెలిగించాలి, చెత్త ఏ రోజు బయట పెట్టాలి, ఫెర్గస్ నోట్లో మాత్ర ఎలా వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఎనిమిది రోజులకు పదహారు మాత్రలు డబ్బాలో లెక్కపెట్టి సర్ది వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. నేను ఏళ్ళ తరబడి ముట్టుకోని ఓవెన్ కూడా మెరిసిపోతోంది. బల్ల మీద పసుపు పూలు, నిమ్మకాయ కేకు, ఒక కార్డు. ‘ఫెర్గస్ బంగారు కొండ. మళ్ళీ తప్పకుండా పిలవండి’ అని రాసి ఉంది. మాత్రల డబ్బాలో ఐదు మాత్రలు మిగిలి ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. వంటింట్లో తివాచీ ఎత్తి చూస్తే కింద చెక్క కుక్క ఉచ్చ తడికి ఉబ్బిపోయింది.

పక్కింటి కీత్‌కు ఎనభై నాలుగేళ్ళు. నడుము వంగదు గానీ కిటికీలోంచి అతని చూపు దాటి ఏదీ పోదు. గోడ అవతల నుంచి అన్నాడు.

“పొద్దున పోయిన కారు మళ్ళీ చీకటి పడ్డాకే వచ్చేదమ్మా. చుట్టుపక్కల ఉన్న కోటలన్నీ చూసొచ్చారు. పాపం ఆ కుక్క ఒకటే ఏడుపు.”

“మరి నాకు ఫోన్ చేయొచ్చుగా కీత్?”

“మీ అక్క ఆపరేషన్‌లో ఉంటే కుక్క గొడవ నీకెందుకులే అనుకున్నా. ఎదుటివాళ్ళ మీద చాడీలు చెప్పడం నాకు చేతకాదు కూడాను.”

ఆ సాయంత్రమే ఫెర్గస్ పడిపోయాడు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు నేల మీద కూర్చున్నాను.

మర్నాడు రివ్యూ రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పక్కన కాఫీ, కేకు ముక్క. అవును, ఆ కేకు తింటూనే రాశాను. ‘నైజెల్, ఫెలిసిటీ లాంటి వాళ్ళు దొరకడం అదృష్టం. ఇల్లు తళతళలాడుతోంది. ఫెర్గస్ వాళ్ళను వదల్లేకపోయాడు. కళ్ళు మూసుకుని నమ్మొచ్చు.’ ఐదు స్టార్లు.

మా దేశం వాళ్ళ తీరే అంత. కాలు తొక్కినవాడికి మేమే సారీ చెబుతాం. హోటల్లో కూర నోట పెట్టలేకపోయినా, వడ్డించేవాడు వచ్చి ఎలా ఉందని అడిగితే ‘చాలా బాగుందండీ’ అంటాం, ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా తిట్టుకుంటాం. కానీ మర్యాద ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. నాకు భయం కూడా వేసింది. చెడ్డగా రాసే ఇంటావిడ గయ్యాళి అనుకుని మళ్ళీ ఎవరూ రారు. బెరిల్‌కు మళ్ళీ నా అవసరం పడుతుందని నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఆ అవసరం పడింది. జబ్బు కాలేయానికి పాకింది. ఇక మందులు వద్దని చెప్పి ఆఖరి రోజులకు చేర్చుకునే ఆసుపత్రిలో పెట్టారు. వారాలే తప్ప నెలలు లేవన్నారు. నేను వెబ్‌సైట్‌లో తేదీలు పెట్టాను.

మొదట ఒక డెన్మార్క్ జంట ఒప్పుకున్నారు. నాలుగు రోజుల ముందు, స్పెయిన్‌లో ఈత కొలనున్న ఇల్లు దొరికింది, ఏమీ అనుకోవద్దని రాశారు. ఏమీ అనుకోవడం లేదని నేనూ రాశాను. రెండో ఆమెకు మాత్రల మాట చెప్పగానే, తన చేతులకు కుక్క ఉమ్మి తగలకూడదంది. మూడో అతను అంతా ఖాయం చేసుకుని, రావాల్సిన రోజు పొద్దున ఫోన్ ఎత్తలేదు. పెట్టె సర్దుకుని గుమ్మంలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రైలు వెళ్ళిపోయింది.

ఆ రోజు బెరిల్ ఫోన్‌లో కసురుకుంది. గొంతు సన్నబడిపోయినా నోరు తగ్గలేదు.

“ఏమే, నీ కుక్క మాత్రల టైము చూసుకుని చావాలా నేను?”

“వస్తున్నానక్కా. ఇంకొకరు దొరికారు.”

“దొరికారా? నువ్వు అబద్ధం చెబితే మూడో ఏట నుంచీ నాకు తెలుస్తుందే. త్వరగా రా. ఇక్కడ జావ మరీ అన్యాయంగా ఉంది, కలిసి తిట్టుకుందాం.”

నిజంగానే ఎవరూ దొరకలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

మూడో రోజున యూనా అనే ఆమె నుంచి నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. ‘మాది హెక్సామ్. ఇంతకుముందు ఎవరి ఇల్లూ చూసుకోలేదు. మందులు వేళకు ఇవ్వడం తెలుసు. ముందు కుక్కను చూడాలి.’ ఒక్క రివ్యూ కూడా లేని మనిషి. ఇంకెప్పుడైనా అయితే జవాబు కూడా ఇచ్చేదాన్ని కాదు. రమ్మన్నాను. మర్నాటి ఉదయం రైలుకు టికెట్ కూడా కొనేశాను.

మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, పొడుగ్గా ఉంది, బడిపంతులమ్మలా జుట్టు బిగించి కట్టుకుంది. నాకు హలో అని చెప్పి నేరుగా ఫెర్గస్ దగ్గరికెళ్ళి నేల మీద కూర్చుంది. చెవులు చూసింది, పళ్ళు చూసింది, పొట్ట నిమిరింది. వాడు ఆమె మోకాలి మీద గడ్డం ఆనించాడు. నా ప్రాణం లేచొచ్చింది. అక్కను చూడబోతున్నానని మొదటిసారి నమ్మకం కలిగింది.

టీ పోశాను. ఆమె కప్పు ముట్టుకోకుండా సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరుగులు పట్టిన కాగితం. నైజెల్, ఫెలిసిటీ గురించి నేను రాసిన రివ్యూ.

“ఇది రాసింది మీరేనా అండీ?”

“నేనే,” అన్నాను.

“నవంబరులో వాళ్ళు మా ఇంటికొచ్చారు. మీరు రాసింది చదివే పిలిచాను. మీ కుక్కకీ వేళకి మాత్రలు వేయాలని మీ పేజీలో ఉంది కదా. మా కుక్క పిప్పాకి షుగర్. పూటకొక ఇంజెక్షన్. ఈ మాట చదివాక ఇంక వేరేవాళ్ళ వంక చూడలేదు.” ‘కళ్ళు మూసుకుని నమ్మొచ్చు’ అన్న చోట వేలు పెట్టింది. “వారం తర్వాత నేనొచ్చేసరికి పిప్పా లేవలేని స్థితిలో ఉంది. రెండు రోజులకి పోయింది.”

నా కప్పు బల్ల మీద పెట్టేశాను.

“వాళ్ళని అడిగాను. ‘మీరు మాకు రాసిచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే చేశాం, ఒక్క పూట కూడా తప్పలేదు’ అన్నారు. పూలు కూడా పంపించారు. ఆ కాగితం వాళ్ళు సర్దుతూ పారేశారు, చూసుకోవడానికి నా దగ్గర లేదు. మందు ఎంత ఎక్కించాలో నేనే తప్పు రాశానేమో అని నాలుగు నెలలుగా రోజూ గుర్తు తెచ్చుకుంటున్నాను. తప్పు నాదైతే వాళ్ళని ఎలా అంటాను? అందుకే రివ్యూ కూడా రాయలేదు.” అప్పుడు నా కళ్ళలోకి చూసింది. “మీ కుక్క బాగానే ఉంది. అంటే వాళ్ళు బాగానే చూసుకున్నారన్నమాట. ఇది నిజమేనా? ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు. మీరు ఊరెళ్ళి రండి, నేనుంటాను.”

ఒక్క అవును చాలు. ఆమె ఉంటుంది, పొద్దున రైలెక్కుతాను, రాత్రికి బెరిల్ పక్కన ఉంటాను. జావను కలిసి తిట్టుకుంటాం. ఆ అవును నా నాలుక మీదికి వచ్చేసింది కూడా. తలెత్తితే, ఆమె తన చేతి రాతను తనే అనుమానిస్తూ నా మొహం కేసి చూస్తోంది.

“నిజం కాదండీ,” అన్నాను. “పదహారు మాత్రల్లో ఐదు మిగిల్చారు. రోజంతా వీణ్ణి ఇంట్లో పెట్టి తిరిగారు. నేనొచ్చిన సాయంత్రమే పడిపోయాడు. నాకన్నీ తెలుసు. తెలిసే రాశాను.”

“ఎందుకు?”

“చెడ్డగా రాస్తే నా ఇంటికి ఇంకెవరూ రారని.”

ఆమె కప్పు పక్కకు జరిపింది. తర్వాత ఆ కాగితం మడతపెట్టి సంచిలో వేసుకుంది.

“అయితే నేను సరిగ్గానే రాశాను,” అంది. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. ఫెర్గస్ తల ఒకసారి నిమిరి, నా వంక చూడకుండా బయటికి నడిచింది. కారు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. టీ అలాగే ఉంది.

అక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. రేపు కూడా రాలేనని చెప్పాను. 

“ఆవిడకి చెప్పావా నిజం?” అంది ఆయాసపడుతూ.

“చెప్పానక్కా.”

“సరేలే. పడుకో.” ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

బుధవారం ఉదయం ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుండగా తలుపు చప్పుడైంది. తీస్తే యూనా, చేతిలో చిన్న పెట్టె. నేను ఏదో అనబోయాను.

“క్షమాపణలు వద్దు,” అంది. “మీ కోసం రాలేదు. వాడి మాత్ర ఎక్కడుంది?”

చూపించాను. సరిగ్గా ఎనిమిదింటికి వాడి నోట్లో వేసి గొంతు నిమిరింది. “మీ రైలెన్నింటికి?”

“తొమ్మిదిన్నరకి.”

“మరి ఇంకా నిలబడ్డారేం?”

బెరిల్‌తో నాకు ఐదు రోజులు దక్కాయి. మొదటి రెండు రోజులు మాట్లాడింది. జావను ఇద్దరం తిట్టుకున్నాం, నర్సు వచ్చి ఎలా ఉందని అడిగితే నేను నోరు తెరిచేలోపే బెరిల్ “దరిద్రంగా ఉందమ్మా” అంది. నర్సు నవ్వి వేరే గిన్నె తెచ్చింది. సోమవారం మధ్యాహ్నం, కిటికీలోంచి సముద్రం కనపడుతుండగా, నా చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. అంత్యక్రియల దాకా నేను అక్కడే ఉండిపోయాను. ఎన్నాళ్ళయినా ఉండమని యూనా ఒక్క వాక్యం పంపింది.

ఇంటికొచ్చేసరికి వంటింటి నేల నిండా బురద పాదాలు. సింకులో గిన్నెల గుట్ట. సోఫా మీద వేలెడు మందాన కుక్క వెంట్రుకలు. పూలు లేవు, కేకు లేదు. ఫెర్గస్ పరుగెత్తుకొచ్చి నన్ను గోడకు నెట్టేశాడు. మాత్రల డబ్బాలో లెక్కకు మించి ఒక్కటి కూడా మిగల్లేదు. నా పదకొండు పేజీల వెనక యూనా పెన్సిల్‌తో రోజూ రెండేసి గీతలు గీసింది, పక్కన వేళతో సహా. ఏడు యాభై ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది రెండు. ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

“మీ అక్కగారి సంగతి విచారకరం,” అంది, కోటు వేసుకుంటూ. చేయి చాపితే అందుకుంది. మళ్ళీ వస్తారా అని అడగలేదు నేను.

నైజెల్, ఫెలిసిటీ గురించి రాసింది మార్చుకుంటానని వెబ్‌సైట్ వాళ్ళకు మూడుసార్లు రాశాను. గడువు దాటాక మార్చడం కుదరదన్నారు. నా ఐదు స్టార్లు ఇంకా వాళ్ళ పేజీలో ఉన్నాయి. నిన్న చూస్తే వాళ్ళు మే నెలకు ఇంకో ఇంట్లో ఖాయమై ఉన్నారు. ఆ ఇంటివాళ్ళు ఎవరో వెతికి పట్టుకుని ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు.

యూనా గురించిన రివ్యూలో జరిగిందంతా రాశాను, నా అబద్ధంతో సహా. అది చదివాక నా ఇంటికి ఎవరూ రారని తెలుసు. అందులో గొప్పేమీ లేదు. ఇక నాకు వెళ్ళాల్సిన ఊరు లేదు.

నేను రాసిన మరుక్షణం ఆమె రాసింది తెరుచుకుంది. నాలుగు స్టార్లు.

‘ఫెర్గస్ మంచి కుక్క. బాయిలర్ తెల్లవారుజామున చప్పుడు చేస్తుంది. ఇంటావిడ రాసిపెట్టినవన్నీ నమ్మకండి. ఎదురుగా కూర్చుని అడిగితే నిజం చెబుతారు, తనకు నష్టమైనా సరే. కాబట్టి అడగండి.’