మూడు అరల సంచి

డయాలసిస్ వార్డులో సోమ, బుధ, శుక్రవారాల బ్యాచికి సెలూన్ నడిపే కత్తి బాబాయే ప్రాణం. మెషిన్ ఖాళీ అయ్యేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం అతనికి చేతకాదు. వరండా బెంచీ మీదే తనలాగే డయాలసిస్‌కు వచ్చే దర్జీకీ, బస్సు డ్రైవరుకూ గడ్డాలు నున్నగా గీసి, తనూ గీసుకునేవాడు. సెలూన్‌లో మనిషికో బ్లేడు మార్చేవాడు. ఇక్కడ మాత్రం ముగ్గురికీ ఒకటే. తనవాళ్ళ దగ్గర కూడా పరాయి లెక్కలేమిటి అనుకునేవాడు.

ఆ ప్రేమే కొంప ముంచింది. ఆరు నెలలకోసారి చేసే రక్తపరీక్షలో బాబాయికీ, దర్జీకీ హెపటైటిస్ సి బయటపడింది. గీయించుకోవడానికి సగంసార్లు బద్ధకించే డ్రైవరు బతికిపోయాడు.

"కలిసి తింటే రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు," అంది హెడ్ నర్సు. "ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తుంది. వారానికి మూడుసార్లు సూదులు గుచ్చుకునే మీకు ఆ ముప్పు మరీ ఎక్కువ. మా గ్లౌజులు, మెషిన్లు అన్నీ మళ్ళీ చూస్తున్నాం. మరి మీరేమైనా..." అంటూ బాబాయి ఒళ్ళోని గడ్డం గీసే సామాను పెట్టె వైపు చూసింది.

బాబాయికి విషయం అర్థమై ముఖం పాలిపోయింది. "నిన్ను నేనే ముంచాను బావా," అన్నాడు. దర్జీ ముఖం తిప్పుకున్నాడు.

"ఎవరూ మునగరు. పన్నెండు వారాలు మాత్రలు వాడితే చాలామందికి పూర్తిగా పోతుంది. నోరు మూసుకుని మింగండి!" అంది నర్సు.

"నోరు మూసుకుని ఎలా మింగుతారు సిస్టరమ్మా?" అన్నాడు డ్రైవరు.

మింగారు. దర్జీ మాత్రం బాబాయితో పలకలేదు. అతని గడ్డం పిచ్చుక గూడులా పెరిగింది. అది చూసినప్పుడల్లా బాబాయికి ప్రాణం ఉసూరుమనేది. రోగం సంగతి సరే, ఆ గడ్డం మళ్ళీ తన చేతికి దొరుకుతుందా అన్నదే అతని బెంగ.

మాత్రలు ఆపిన మూడు నెలలకు ఇద్దరి రక్తంలోనూ వైరస్ లేదని తేలింది. ఆ శుక్రవారం దర్జీ ఒక గుడ్డసంచి తెచ్చి బాబాయి ఒళ్ళో పడేశాడు. మూడు అరలు, అరకో కొత్త రేజరు. పైన దారంతో కుట్టిన పేర్లు: సూది, బస్సు, కత్తి.

"ఇన్నాళ్ళూ పలక్కుండా ఇదా చేస్తున్నావు?"

"కుడుతూనే ఉన్నా. నీ పేరు దగ్గరికొచ్చేసరికి కోపమొచ్చి రెండుసార్లు విప్పేశా."

దర్జీ వెనక్కి వాలి గడ్డం పైకెత్తాడు. బాబాయి చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, మొదటి అరలోంచి రేజరు తీశాడు.

"ముందు కళ్ళు తుడుచుకో బావా," అన్నాడు దర్జీ. "అది నా మెడ."