దస్తగిరి చోటు

ఖాసింబీ పట్టు పట్టిందంటే విడిపించడం ఎవరి తరమూ కాదని రొద్దం దగ్గరి ఆ పల్లెలో అందరికీ తెలుసు. డెబ్బై ఆరేళ్లొచ్చినా ఆ మొండితనం ఇసుమంతైనా సడలలేదు. ఈసారి పంతం తమ్ముడు దస్తగిరి చోటు కోసం.

దస్తగిరి నేవీలో చేరి, డెబ్బయ్యొకటి యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాడు. శత్రువుల జలాంతర్గామి నీళ్ల కింద నుంచి కొట్టింది. తప్పించుకున్నవాళ్లు కొందరే. ఇంటికి టెలిగ్రాం వచ్చింది, తర్వాత అతని ఇనుప పెట్టె వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. వాళ్లమ్మ పోతూ పోతూ, ఖబరస్తాన్‌లో తన పక్కన ఆరడుగుల నేల కొడుక్కి ఉంచమని పెద్దల దగ్గర మాట తీసుకుంది. ఆ పెద్దలంతా కాలం చేశారు. మాటను ఖాసింబీ ఒక్కతే మోస్తోంది.

ఇప్పుడు ఖబరస్తాన్ నిండిపోయింది. ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తామని కమిటీ పెద్ద మున్వర్ కబురు పెట్టాడు. ఖాసింబీకి ఒళ్లు మండింది. పెనుకొండలో పంచరు అంగడి నడిపే కొడుకు ముజమ్మిల్‌ను పిలిపించి, వెంటబెట్టుకుని మున్వర్ ఇంటికే వెళ్లింది.

“ఆడ మా తమ్ముని పేరుతో రాయి నిలబెడతా మున్వరూ.”

“కింద మనిషి లేకుండా రాయి యాడన్నా నిలబెడతారా అక్కా? యాబై ఏండ్లు ఉంచినాం. ఇంగ కాదు.”

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఆమెకు మరీ కోపం వచ్చింది. ముజమ్మిల్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. “పోదాం రామ్మా. మామకు ఆ సముద్రమే సమాధి అనుకుందాం.”

“ఆ సముద్రం మా యమ్మ చూసిందా? నేను చూసినానా? పండగ పూట పూలు యాడ పెట్టల్లరా నేను?”

ఖాసింబీ ఏడవలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

“కింద మనిషి ఉండల్ల. అంతే కదా నువ్వు చెప్పేది?”

“అంతే అక్కా.”

“అట్లయితే నేనుంటా. ఆ చోటు నా పేరున రాసుకో.”

మున్వర్ బిత్తరపోయాడు. “బావ పక్కన నీకు చోటు ఉండాది కదక్కా!”

“అది మీ ఇష్టమొచ్చినోళ్లకు ఇచ్చుకోండి. మీ బావ పక్కన నలబై ఏండ్లు ఉన్నా, ఆయప్ప గురక విన్నా, చాలు. తమ్మునికే ఎవురూ తోడు లేరు.”

“సరే. రాయి మీద ఇద్దరి పేర్లూ రాయిద్దాం.”

“నా పేరొద్దు. నేనెవరో చెప్పేకి ఊరంతా ఉండారు. వాని పేరొక్కటే రాయండి.”

మున్వర్ ముజమ్మిల్ వైపు తిరిగాడు.

“రాయి ఎప్పటికి తెస్తావప్పా?”