రేపు రమ్మన్న వీధి

నేను ఒక నీలం పెట్టెను. తెల్లటి మూత, భుజానికి తగిలించుకునే పట్టీ ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరో వనభోజనాలకు బయల్దేరారనుకుంటారు. దగ్గరికొస్తే తలుపులు వేసుకుంటారు.

ప్లాస్టిక్కు కరిగించి అచ్చులో పోసి, గోడల మధ్య నురుగు కూరి నన్ను తయారుచేశారు. బయట ఎంత ఎండ మండినా లోపల చల్లగా ఉండటమే నా ఉద్యోగం. లోకం ఇల్లాళ్ళకు కూడా ఇదే ఉద్యోగం ఇచ్చిందట. నాకు నయం, సాయానికి నాలుగు మంచు పలకలు ఇచ్చారు.

నన్ను మోసే మనిషి సలోమి, ఆరోగ్య కేంద్రం నర్సు. చంటిపిల్లల చుక్కలమందు రోజుల్లో మా ఇద్దరికీ మర్యాదలు బాగా జరిగేవి. మగ్గాల వీధిలో భ్రమరాంబ అనే ఆవిడ నన్ను అరుగు మీద పెట్టించి, సలోమికి మజ్జిగ ఇచ్చేది. ఒకసారి నా మూత మీద కరివేపాకు ఆరబెట్టింది. అంత చనువు.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. ఏడాది తిరక్కుండా దానికి టీకా వచ్చింది. ఆ కొత్త సీసాలను నాలో సర్ది మూత వేశారు. సలోమి నడుస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి, గుసగుసలాడుకుంటున్నట్టు సన్నగా మోగేవి. మోయడమే గానీ, లోపల ఏముందో నేనూ చూడలేను. జనం నా వైపు చూసే చూపుకి నాకే అనుమానం వచ్చేది.

మగ్గాల వీధిలోకి అడుగుపెడితే మొదటి ఇంట్లో మగ్గం ఆగేది. తర్వాత రెండో ఇంట్లో. మేం నడుస్తున్న కొద్దీ మాకంటే ఒక ఇల్లు ముందు చప్పుడు ఆరిపోయేది. పట్టపగలు, ఎండలో, ఆ వీధి ఊపిరి బిగబట్టేది. మేం దాటిపోయాక వెనక నుంచి ఒక్కొక్క మగ్గమే మళ్ళీ మొదలయ్యేది. సలోమి ఒకసారి గిరుక్కున వెనక్కి తిరిగింది. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

ఒకరోజు వెళ్ళేసరికి తలుపులన్నిటి మీదా బొగ్గుతో ‘రేపు రా’ అని రాసి ఉంది. వెనకటికి ఒక ఆడదయ్యం ఇంటింటికీ వచ్చి తలుపు తట్టి, ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తోందని పుకారు పుట్టినప్పుడు ఆ ఊరు కనిపెట్టిన మంత్రం అది. దయ్యం వచ్చి, చదువుకుని, వెనక్కి పోయేదట. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకునేదట. దయ్యానికి చదువొచ్చని నమ్మిన వీధి, టీకా చేసినవాళ్ళకు చదువొచ్చని మాత్రం నమ్మలేకపోయింది.

సలోమి మర్నాడు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

“ఎందుకమ్మా రోజూ వస్తావు?” అని ఎవరో కిటికీ సందులోంచి అడిగారు.

“రేపు రమ్మని రాశారుగా. పిలిస్తే రాకపోవడం మర్యాదా?” అంది సలోమి.

కానీ ఆమె వచ్చేది భ్రమరాంబ కోసం. ఇన్నేళ్ళు నూలు ధూళి పీల్చి ఆవిడ ఊపిరితిత్తులు పాడైపోయాయి. పక్క వీధిలో అప్పటికే ఈ జబ్బుతో ఇద్దరు పోయి, రెండు ఇళ్ళ ముందు మంట పెట్టారు. ఈ జబ్బు భ్రమరాంబను పట్టుకుంటే వదలదని సలోమికి తెలుసు. ఆవిడ మొగుడు కోటిలింగానికి మాత్రం జబ్బు కంటే మేమంటేనే భయం ఎక్కువ. ఆ వీధికి అతని మాటంటే గురి.

ఒక మధ్యాహ్నం సలోమి వాళ్ళ తలుపు ముందు నిలబడి “అక్కా” అని పిలిచింది. ఇల్లంతా చప్పుడు లేదు. అంతలో దగ్గు వినిపించింది. గదిలోంచి కాదు, నేల కింద నుంచి. నోరు గట్టిగా నొక్కుకున్నా ఆగని దగ్గు. సలోమి ఒళ్ళు జలదరించడం పట్టీ గుండా నాకు తెలిసింది. మేం వస్తున్నామంటే కోటిలింగం పెళ్ళాన్ని, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో దింపి, పైన చాప కప్పుతున్నాడు. బతికున్న మనిషిని కాపాడుకోడానికి మట్టిలో దాచాడు పాపం. పైగా ఆ గుంటలో ఉన్నదంతా నూలు ధూళే.

సలోమి పడుగు సాచే రోజు కోసం కాచుకుంది.

నేతకు ముందు పడుగు నూలును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుతారు. అన్ని ఇళ్ళవాళ్ళూ చెయ్యి వెయ్యాలి. గంజి ఆరేదాకా ఎవరూ వదలకూడదు. వదిలితే పోగులు అట్టకట్టి పడుగంతా పోతుంది.

ఆ రోజు తెల్లవారుతూనే మేం వెళ్ళేసరికి మంచులో వీధి పొడవునా రెండు వరసల మనుషులు ముఖాలకు గుడ్డలు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ పారిపోలేరు. అందరి తలలూ మమ్మల్ని చూడకుండా అటు తిరిగాయి, చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. తలకాయలు లేని చేతులు దువ్వుతున్నట్టుంది.

“ఇదేం న్యాయం నర్సమ్మా, చేతులు కట్టేసినప్పుడు వచ్చావు,” అన్నాడు కోటిలింగం కుంచె పట్టుకునే.

“ఇంకెప్పుడు దొరుకుతావన్నా నువ్వు?”

“చూడూ, నాలుగు రోజుల చీర రెండు రోజుల్లో నేస్తే ఏమవుద్దో నాకు తెలుసు. ఏళ్ళు పట్టే మందు ఏడాదిలో ఎట్టా వచ్చింది?”

“లోకంలో ఉన్న చేతులన్నీ ఒకే మగ్గం మీద పడ్డాయన్నా.”

“ఒక మగ్గం మీద ఇద్దరు కూర్చుంటేనే పోగులు తెగుతాయి,” అన్నాడతను. వరసలో కిసుక్కున నవ్వారు.

సలోమి కూడా నవ్వింది. తర్వాత నన్ను కింద పెట్టి, నెమ్మదిగా చెప్పింది. “పోనీ, నా మాటలు నీకు ఆనవు. నేను వేయించుకున్న రాత్రి జ్వరం వచ్చింది. చచ్చిపోతానేమో అనుకున్నాను. పిల్లల్ని పక్కలోంచి లేపి అవతల పడుకోబెట్టాను. తెల్లారి లేచాను. ఎవరికీ ఏమీ కాదని నేను ఒట్టెయ్యలేను. కానీ అక్క దగ్గు విన్నాను. ఆ జబ్బు ఈ వీధిలోకి వస్తే అక్క లేవదు. అది మాత్రం ఒట్టేసి చెప్తా.”

ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కోటిలింగం ఇంటి తలుపు తెరుచుకుంది. జుట్టు నిండా నూలు ధూళితో, సమాధిలోంచి లేచొచ్చినట్టు తెల్లగా, భ్రమరాంబ బయటికి వచ్చింది. తిన్నగా వచ్చి సలోమి ముందు కూర్చుని రవిక చెయ్యి పైకి లాక్కుంది.

“ఏయ్, ఆగు! లోపలికి పో!” కోటిలింగం అరిచాడు.

“నువ్వొచ్చి ఆపు. కుంచె వదులు, చూద్దాం,” అంది భ్రమరాంబ.

అతను పడుగు వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. కుంచె అవతలి కొస పట్టుకున్నవాడు బిక్కచచ్చిపోయి ఇతన్నే చూస్తున్నాడు. కోటిలింగం పట్టు సడలింది. వదిలేవాడే. భ్రమరాంబే మళ్ళీ అంది: “గుంటలో ఊపిరాడటం లేదయ్యా.”

అతను వదల్లేదు.

సీసా విప్పితే పదిమందికి వెయ్యాలి, లేకపోతే మిగిలింది పారబొయ్యాలి. పైవాళ్ళ చేత మాటపడాలి. సలోమి ఒక్క మనిషి కోసం విప్పింది.

సూది తీశాక అరగంట కూర్చోవాలి. ఆ అరగంట వీధి మొత్తం భ్రమరాంబ చచ్చిపోవడం కోసం ఎదురుచూసింది. చెడ్డవాళ్ళని కాదు, ఆ సూది చంపుతుందని అంతగా నమ్మారు. ఆవిడ రెప్ప వేస్తే వరసంతా ఉలిక్కిపడింది. ఆవిడ దగ్గితే చేతులు ఆగి, మళ్ళీ కదిలాయి. అరగంటా అయింది. ఆవిడ లేచి ఇంట్లోకి వెళ్ళింది. ఇంకెవరూ రాలేదు.

మర్నాడు భయపడటం సలోమి వంతు. జ్వరం వస్తుందని తెలుసు, అయినా రాత్రంతా ఏమైందో తెలీదు. వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. ఈసారి తలుపులన్నీ తీసే ఉన్నాయి. గుమ్మాల్లో నిలబడి అందరూ ఆమెనే చూస్తున్నారు, ఎవరూ ఏమీ చెప్పటం లేదు. కోటిలింగం తలుపు ఒక్కటే వేసి ఉంది. సలోమి గబగబా నడిచింది, నాలో సీసాలు గలగలలాడాయి. తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

తలుపు తీసింది భ్రమరాంబే. ఎర్రటి కళ్ళు, వీడిన జుట్టు, చేతిలో దువ్వెన.

“రాత్రంతా కాలిపోయాను. ఇప్పుడు చెయ్యి పైకి లేవటం లేదు,” అంది విసుగ్గా. “ఇది నీ పనేగా, రా, వచ్చి జడ వెయ్యి. ఈయన్ని వెయ్యమంటే చిక్కులు పెట్టి కూర్చున్నాడు.”

సలోమి అరుగు మీద కూలబడి, దువ్వెన అందుకుంది. ముందు ఆవిడ జుట్టులో చిక్కులు విప్పింది. తర్వాత పాయలు తీయడం మొదలుపెట్టింది.

గుమ్మాల్లోంచి ఒక్కొక్కరే దిగి దగ్గరికొచ్చారు. మొదట జడ చూడ్డానికే వచ్చినట్టు నిలబడ్డారు. కోటిలింగం లోపలి నుంచి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నా పక్కన కూర్చుని, చొక్కా చెయ్యి మడవసాగాడు.

“ఆగన్నా,” అంది సలోమి, నోట్లో రిబ్బను పట్టుకుని. “జడ అవనీ.”