మూడక్షరాల చోటు

కుంపట్లో కాలిన కడ్డీని మసి వదలడానికి నవాసాగరం ముక్క మీద రుద్దగానే పొగ గుప్పున లేచింది. షౌకత్ కళ్లు చికిలించి కిరసనాయిలు గరాటుకు తగరం కరిగించి మాటు వేశాడు. నలభై ఏళ్లుగా ఆ పొగ మింగి అతని గొంతు బొంగురుపోయింది. ఎడమ బొటనవేలి మీద రేకు గాట్లు ఎండి, గోరేదో తోలేదో తెలియకుండా ఉంది.

నరసరావుపేట బజారులో అతను రేకుల సాయిబు, అంతే. పేరు పెట్టి పిలిచిన మనిషి తల్లి ఒక్కతే. భార్య అబిదా బతికున్నన్నాళ్లూ "అజీ" అనే పిలిచింది.

పోయిన నెల కాలేజీలో ఫిజిక్సు చెప్పే ధనుంజయరావు, సైన్సు ప్రదర్శనలో పెట్టడానికి ఎక్స్‌రే దూరదర్శిని నమూనా కావాలని ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. గొట్టంలో గొట్టం, దానిలో మరో గొట్టం. షౌకత్ అలవాటు కొద్దీ అన్నిటికీ అడుగులు అతికించాడు.

"అడుగులెందుకు సాయిబూ?" అని ధనుంజయరావు నవ్వాడు.

"అడుగు లేకపోతే అందులో ఏం నిలుస్తది సార్?"

"నిలవకూడదు. ఎక్స్‌రే కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే దూరిపోతుంది. గోడను ఏటవాలుగా రాసుకుంటూ పోతేనే మళ్లుతుంది. అందుకే ఇన్ని గొట్టాలు."

"వీటితో ఏం చూస్తారు?"

"మండి చచ్చిపోయిన నక్షత్రాల్ని. పక్కన జంట నక్షత్రం ఉంటే దాని సరుకు తమ మీద పడి కొన్ని వెలుగుతాయి. ఒంటరివాటికి అదీ లేదు, లోపల మిగిలిన వేడే వెలుగు. అది మన గాలి దాటి కిందికి రాదు. అందుకే ఐరోపా వాళ్లు గొట్టాల్ని ఉపగ్రహంలో పెట్టి పైకి పంపారు."

"ఒంటిగా ఉన్నదాన్ని చూడ్డానికి చానా కష్టపడతన్నారే!" అన్నాడు షౌకత్.

అడుగులు ఊడదీసి, గొట్టాల లోపలి వైపు ముఖం కనబడేలా తోమాడు. ధనుంజయరావు ముచ్చటపడి, "నీ అసలు పేరేంటి? అట్ట మీద రాయిస్తా" అన్నాడు.

ఆ ప్రదర్శన ఇవాళే. గరాటు పూర్తిచేసి, షౌకత్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. అటెండరు పేతురు ఎదురొచ్చి, "రా మామా, అందరూ నీదే చూస్తన్నారు" అంటూ లోపలికి తీసుకెళ్లాడు. హాలు మధ్యలో గొట్టాలు మెరుస్తున్నాయి. కింద అట్ట ఉంది. షౌకత్ కూడబలుక్కుని చదివాడు. ప్రారంభించిన నాయకుడి పేరుంది, ప్రిన్సిపాలు పేరుంది, ధనుంజయరావు పేరుంది. చివర షామియానా కొట్టు పేరు కూడా ఉంది.

"సార్, నా పేరేది?"

"చోటు చాల్లేదు సాయిబూ. నీ కూలి ముట్టింది కదా?"

"కూలి అడిగానా నేను? నాది మూడక్షరాల పేరు. షామియానా కొట్టోడికి ఉన్న చోటు నాకు లేదా? రాయమని నేనడగలా. మీ నోటితో మీరే గదా అంది!"

"గొడవ చేయకు, పెద్దవాళ్లొస్తున్నారు" అంటూ ధనుంజయరావు అతని భుజం పట్టి తలుపు వైపు తిప్పాడు. ఎక్కడో ఉన్న కనబడని నక్షత్రం గురించి పొద్దుటి నుంచి పిల్లలకు ఊదరగొడుతున్న ఆ పెద్దమనిషి కంటికి, ఎదురుగా ఉన్న మనిషి ఆనలేదు. చదువుకున్నందుకైనా సిగ్గుండాలి!

షౌకత్ ఉడికిపోతూ కొట్టుకు వచ్చాడు. అన్నం ముట్టలేదు. కొత్త రేకు ముక్క కత్తిరించి, దాని మీద సుద్దతో తన పేరు రాసుకున్నాడు. జల్లెడలకు బెజ్జాలు కొట్టే మేకు తీసి అక్షరాల వెంట సుత్తితో కొట్టసాగాడు.

"రేపు నేనే పోయి అతికిస్తా. ఎవడు పీకుతాడో చూస్తా!" అన్నాడు, బజారంతా వినబడేలా.

పొద్దుగూకే వేళ ఎడమ చెయ్యి లాగుతోందని గోడకు చేరగిలబడ్డాడు. సుత్తి చప్పుడు మళ్లీ వినబడలేదు.

తెల్లారి పేతురు వచ్చాడు. నమూనాకు మొదటి బహుమతి వచ్చిందట. గుంటూరు పంపడానికి సాయిబును రేకు పెట్టె చేయమన్నాడట ధనుంజయరావు.

"మామా! సాయిబు మామా!"

చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కుంపట్లో బూడిద మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

పేతురు ఏడుస్తూనే అతని ఒళ్లోని రేకును ఎత్తి వెలుతురుకు పట్టాడు. ఇన్నేళ్లూ మామా అని పిలిచిన మనిషి పేరు అతనికీ తెలియదు. మొదటి రెండు అక్షరాల్లోంచి ఎండ వచ్చి అతని చొక్కా మీద పడింది. మూడోది ఇంకా సుద్దగీతగానే ఉంది.