బెండనార కాగితం

ఆ పొద్దున ఆకాశం కదల్లేదు. బూడిదరంగు మబ్బు ఇళ్ల కప్పుల మీదికి దిగి, కురవకుండా, విడిపోకుండా అలాగే నిలబడిపోయింది. పైగా చలిగాలి. ఇక ఎండ రాదని తేలిపోయింది.

ఎండ లేకపోతే మా కాగితాలు ఆరవు. మర్నాడే బడిలో ప్రదర్శన. బెండకట్టెల నారతో కాగితం చేసి తెస్తానని పెద్దమ్మాయి పంతులమ్మకు మాటిచ్చి వచ్చింది. దానికి పదకొండేళ్లు, పట్టుదల మాత్రం నలభైయేళ్ల మనిషిది. మూడు రోజుల కింద అక్కాచెల్లెళ్లిద్దరూ పెరట్లో ఎండిన మొక్కలు నరికి తొట్టిలో నానేశారు. నిన్న బెరడు ఒలిచి, చిన్న ముక్కలు కోసి, చాకలిసోడా వేసి ఉడికించాం. ఈ పొద్దున సోడా వాసన పోయేదాకా కడిగి, సగం దంచి, నీళ్ల తొట్టిలో కలిపాం. దోమతెర బిగించిన చెక్క చట్రాన్ని పెద్దది ఆ నీళ్లలో ముంచి, వంగకుండా పైకి లేపి, పాత చీర ముక్క మీద బోర్లించింది. అలా ఐదు కాగితాలు దిగాయి.

వాటి మీద చిన్నది ఏదో అలంకారం చేస్తోంది. ఆరేళ్ల పిల్ల, ఇంట్లో దాని పేరు ఉడత. నేను చూడలేదు. మిగతా సగం దంచుతూ కూర్చున్నాను.

"నాన్నా, ఇస్త్రీపెట్టెతో ఆరబెడతా" అంది పెద్దది.

"కాల్చేవు."

"నేనేం చిన్నపిల్లనా?"

"కాదులే, ముసలమ్మవి. పైన గుడ్డ వేసి రుద్దు."

అది లోపలికి పోయింది. ఉడత నా పక్కన చతికిలబడింది. పది పోట్లు వేశానో లేదో, రోకలి కింద నారలో ఒక దారప్పోగు కనబడింది. ఎండకు వెలిసి తెల్లబడింది. గోటితో ముడి విప్పితే లోపల ఎరుపు.

రోకలి అక్కడే పెట్టేశాను.

ఆ దారం కట్టింది మా అమ్మ. ఎనిమిది పలకల బెండ ఆవిడ పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. అడిగినవాళ్లకు ఇచ్చింది, వాళ్లంతా పోగొట్టుకున్నారు. ఏటా రెండు మొక్కలకు దారం కట్టి విత్తనానికి వదులుతుంది. లోకమంతా కాయ ఎండగానే కోసి దాచుకుంటుంది. మా అమ్మ ఒప్పుకోదు. కాయ దానంతటది నెర్రె విచ్చేదాకా చెట్టునే ఉండాలి. అందుకే ఆ రెండూ మిగతా ఎండు కట్టెల్లో కలిసిపోయి నిలబడ్డాయి. "ఎండినవన్నీ నరకండి" అని పిల్లలకు చెప్పింది నేనే. దారం సంగతి నాకు గుర్తే రాలేదు.

అమ్మ నాలుగు రోజులుగా పిన్ని ఇంట్లో ఉంది. మధ్యాహ్నానికి వచ్చేస్తుంది.

"ఉడతా, ఈ కట్టెలకు కాయలుండాలే, ఏం చేశారు?"

"ఒలిచేశాం."

"గింజలో?"

"నా డబ్బాలో దాచుకున్నా."

గుండె కాస్త కుదుటపడింది. "ఏదీ, తీసుకురా."

"ఇప్పుడు లేవుగా! అన్నీ కాగితాలకి పెట్టేశా. ఒక్కో దానికి రెండేసి పువ్వులు."

లోపల ఇస్త్రీపెట్టె ఉంది. ఎలా లేచానో తెలియదు, గడప తట్టుకుని గోడ పట్టుకున్నాను.

"ఆపు!"

పెద్దది ఉలిక్కిపడి పెట్టె పైకెత్తింది. గుడ్డ మీంచి ఆవిరి లేస్తోంది. రెండు కాగితాలు అయిపోయాయి, మూడోది బల్ల మీద ఉంది. గుడ్డ తీశాను. పువ్వు రేకుల్లా గుచ్చిన గింజలు తడికి అప్పుడే ఉబ్బాయి.

విషయం చెప్పాను. అది నా మొహం చూసింది, కాగితం చూసింది.

"తీస్తే చిరిగిపోతాయి నాన్నా."

"అవును."

"రేపు నేనేం చూపించను?"

అది ఇస్త్రీపెట్టె తీగ పీకేసి, బల్ల దగ్గర కూర్చుని, మొదటి గింజ తనే గోటితో లేపింది. చుట్టూ కాగితం ముద్దగా ఊడొచ్చింది. ఏడవలేదు. కింది పెదవి మాత్రం పళ్లతో బిగబట్టింది. ఇద్దరం ఒక్కో గింజా తీసి పళ్లెంలో వేస్తున్నాం. పచ్చి కాగితాల్లోంచి ముప్ఫైనాలుగు వచ్చాయి. ఇస్త్రీ చేసినవి ముట్టుకోలేదు.

వీధి తలుపు చప్పుడైంది. అమ్మ సంచితో లోపలికొచ్చింది.

"నానమ్మా, నా పువ్వులన్నీ పీకేస్తున్నారు చూడు!" అంది ఉడత.

అమ్మ పళ్లెంలోకి చూసింది. చూడగానే పోల్చుకుంది. సంచి నేల మీదికి జారింది.

"నేనే నరికా నానమ్మా" అంది పెద్దది.

"నరకమన్నది నేను" అన్నాను.

అమ్మ ఎవరి వంకా చూడలేదు. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కింది. వాసన చూసింది.

"నానిపోయాయి. ఇక దాచడానికి పనికిరావు. ఇప్పుడే వెయ్యాలి."

"ఈ చలిలో మొలుస్తాయా అమ్మా?"

"మరి నీ నెత్తిన వెయ్యమంటావా? గునపం తే."

పెరట్లో గోడవార, గాలి తగలని చోట మట్టి గుల్ల చేశాను. అమ్మ మోకాళ్ల మీద వంగి ఒక్కో గింజా పెట్టుకుంటూ పోయింది. పెద్దది వెనకే మట్టి కప్పింది. అన్నీ అయ్యాక లోపలికి వెళ్లి, ఇస్త్రీ అయిన రెండు కాగితాలూ తెచ్చింది. ప్రదర్శనకు పనికొచ్చేవి ఆ రెండే. బాగా కుదిరాయి కూడా.

"వీటిలోవి కాలిపోయాయా నానమ్మా?"

"అయ్యుండొచ్చు. లేకపోనూవచ్చు."

అది వాటినీ చించి, ముక్కలు అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ తలెత్తి దాన్ని చూసింది. ఇంకో చాలు గీసింది.

ఆసుపత్రి డ్యూటీ దిగి నా భార్య వచ్చేసరికి పెరట్లో ఆ కొత్త చాళ్ల మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. ఏమైందని అడగబోయి, మా మొహాలు చూసి ఆగిపోయింది. చేతులు కడుక్కుని కంచాలు పెట్టింది. ఐదుగురం కూర్చున్నాం. ఉడత ఏదో చెప్పబోతే పెద్దది దాని మోకాలి మీద చెయ్యి వేసింది. అమ్మ తన కంచం ముందు కాసేపు ఊరికే కూర్చుని, మెల్లగా మొదటి ముద్ద కలుపుకుంది. అప్పుడు మేమూ తిన్నాం.